మూడో గ్లాసు

చేప చచ్చిపోయిందని దేవేంద్రప్పకు ఎవరూ చెప్పలేదు. ‘సరస్వతమ్మ మేడమ్ ఇంటికి రా, ఇప్పుడే’ అని మాత్రం లోకేష్ ఫోన్ చేశాడు. ఫిల్టరు మోటరు ఆగిపోయిందేమో అనుకుని, స్పానరూ ఒక ముక్క పైపూ సంచిలో వేసుకుని, ఆదోని పత్తి మార్కెట్టు ముందు బారులు తీరిన లారీల మధ్య నుంచి షాపు సైకిలు తోసుకుంటూ వెళ్ళాడు. గేటు లోపల లోకేష్ బైకు కనిపించింది. అప్పుడైనా అనుమానం రావలసింది. చెడ్డకాలం వచ్చినప్పుడు మనిషి కళ్ళు చూస్తూనే ఉంటాయి గాని బుర్ర పనిచేయదు.

హాల్లో సోఫా మీద సరస్వతమ్మ కూర్చుని ఉంది. హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరైన మనిషి, అరవై అయిదు దాటినా వీపు వంచి కూర్చోదు. ఆ రోజు వంగి కూర్చుంది. చుట్టూ చుట్టాలు నలుగురైదుగురు. టీపాయ్ మీద ఎనామిల్ బేసిన్‌లో, తడిగుడ్డ మీద ఆస్కార్ చేప పడుకోబెట్టి ఉంది. పళ్ళెమంత చేప, నల్లటి ఒంటి మీద నిప్పు రంగు మరకలు. తొమ్మిదేళ్ళుగా ఆమె చేతిలోంచి మేత తిన్నది. ఆమె దాన్ని ‘దొర’ అని పిలిచేది. ఆమె హాల్లోకి వస్తే తొట్టిలో ఈ మూల నుంచి ఆ మూలకు ఆమెతో పాటు నడిచేది కూడా.

వారం కింద దొర రెక్క మీద దూదిలా తెల్లగా బూజు పట్టింది. ఆదోనిలో దూది పట్టనిదేముందిలే అని నవ్వుకుని దేవేంద్రప్ప నీలం మందు తెచ్చాడు. సోమ, మంగళ, బుధవారాలు మూడు సాయంత్రాలూ లెక్కగా చుక్కలు వేశాడు. వేసినప్పుడు తొట్టి అంతా నెమలి కంఠం రంగు. పొద్దున్నే వచ్చి చూస్తే నీళ్ళు తేటగా ఉండేవి. ముప్పై ఏళ్ళు ఎమ్మిగనూరులో పట్టు నూలుకు రంగులు వేసిన చేతులు అవి. కాగులో నూలు లడి ముంచి తిప్పుతూ ఉంటే రంగు నీళ్ళు తెల్లబడే గడియ కోసం కళ్ళలో ఒత్తులు వేసుకుని చూసేవాడు. నీళ్ళు తెల్లబడ్డాయంటే నూలు రంగు తాగేసిందన్నమాట, పని పండిందన్నమాట. అందుకే మూడు పొద్దులూ ఆ తేట నీళ్ళు చూసి అతనికి కడుపు నిండింది.

“ఏం దేవేంద్రప్పా, ఏం చేసినావో చూడు” అన్నాడు లోకేష్. ముప్పై ఏళ్ళవాడు, దేవేంద్రప్ప పనిచేసే చేపల తొట్ల షాపు ఓనరు. యాభై నాలుగేళ్ళ మనిషిని పేరు పెట్టి పిలవడం వాడికి మొదటి నుంచీ అలవాటే.

“మందు సరిగానే ఏసినానప్పా. మూడు దినాలూ…”

“మేడమ్, నాది ఒకటే తప్పు” అని లోకేష్ ఆమెవైపు తిరిగాడు. “నూలుకు రంగులేసే మనిషిని తెచ్చి చేపల కాడ పెట్టుకుంటి. ఈయనకు చేపా ఒకటే, నూలు లడీ ఒకటే. మందు ఎక్కువేసి చంపినాడు.”

చుట్టాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. చావు దగ్గర కూడా నవ్వేవాళ్ళుంటారు.

“ఎక్కువ ఎయ్యలేదు మేడమ్. సీసా మీద ఎంతుంటే అంత…”

“ఎదురు మాట్లాడబాకు. మేడమ్ కాళ్ళు పట్టుకో.”

దేవేంద్రప్ప విన్నది నిజమేనా అని చూశాడు. లోకేష్ వేలు నేలవైపు చూపిస్తూనే ఉంది. సరస్వతమ్మ చేపనే చూస్తూ ఉంది. ఆమె పట్టుకోమనలేదు. వద్దనీ అనలేదు. హాల్లో ఫ్యాను తిరుగుతోంది. అందరూ చూస్తున్నారు. నెల జీతం, షాపు పని, ఎమ్మిగనూరు ఇంట్లో మగ్గం మీద నడుం విరుచుకునే పెళ్ళాం, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. దేవేంద్రప్ప తువ్వాలు భుజం మీంచి తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె పాదాల మీద చేతులు పెట్టాడు. ఆమె పాదాలు చల్లగా ఉన్నాయి. లేచేటప్పుడు మోకాలు పట్టేసి టీపాయ్ పట్టుకోవాల్సి వచ్చింది. బేసిన్ కదిలి చేప కన్ను అతనివైపు తిరిగింది.

“రేపట్నుంచి షాపుకు రావద్దు” అన్నాడు లోకేష్ గేటు దగ్గర, సైకిలు తాళంచెవి తీసుకుంటూ. కాళ్ళు పట్టించింది పని నిలబెట్టడానికి కాదని అప్పుడు తెలిసింది. దేవేంద్రప్ప ఒళ్ళంతా కారం పూసినట్టు మండింది.

*

ఎమ్మిగనూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అతను దారి పొడుగునా పళ్ళు కొరికాడు. కోసేసిన జొన్న చేలు, పత్తి చేలు, ఎర్రమట్టి, మళ్ళీ పత్తి చేలు. పక్క సీటు మనిషి ఏదో అడిగితే కసిరాడు. బస్సు దిగి ఇంటికి నడిచేదాకా తన చేతులవైపు చూసుకోలేదు.

మల్లేశ్వరి మగ్గం గుంటలో కూర్చుని నేస్తోంది. మొగుడు అంత తొందరగా ఇంటికి రావడం చూసి అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆపింది. అతను గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. ఏదీ దాచలేదు. కాళ్ళు పట్టుకున్న మాటా చెప్పాడు. ఆమె విని, గుంటలోంచి లేచి వచ్చి, చెంబుతో నీళ్ళిచ్చింది.

“యాడ దొరుకుతాడు వాడు?” అంది.

ఓదారుస్తుందనుకున్నాడు. ఆమె మొహం చూస్తే ఓదార్పు జాడ లేదు.

“ఆదివారం ఈ ఊర్లోనే. బస్టాండు ఎదురుగా కొత్త షాపు తెరుస్తాండాడు కదా. మేడమే రిబ్బను కత్తిరించేది.”

“మంచిది. మన ఊర్లో, మనోళ్ళ ముందర. వాని మొగం నల్లబడాల. నేను సూడాల.”

దేవేంద్రప్ప నీళ్ళు తాగి అరుగు మీద కూర్చున్నాడు. లోకేష్ మొహం నల్లబరచడానికి సరుకు లేక కాదు. ఉంది. దాన్ని అతను స్వయానా తన చేతులతో కడిగాడు.

చేపల తొట్టి ఫిల్టరులో మొదట స్పాంజి ఉంటుంది, అది చెత్తను పడుతుంది. దాని వెనక వల సంచిలో నల్లటి నలుసులుంటాయి. షాపులో కార్బన్ అంటారు, దేవేంద్రప్ప బొగ్గు అంటాడు. పొయ్యిలో బొగ్గు కాదది. కొబ్బరి చిప్పల్ని కాల్చి, ఆవిరి పట్టించి, ఒళ్ళంతా కంటికి కనబడని బొరియలు చేస్తారట. నీళ్ళలో కరిగిన పసర రంగూ, నీచు వాసనా ఆ బొరియల్లోకి పోయి కూర్చుంటాయి. నెల తిరిగేసరికి బొరియలు నిండిపోతాయి. అక్కడితో దాని పని సరి, ఇక అది ఉత్త నల్ల ఇసుక. పారేసి కొత్తది వేయాలి.

లోకేష్ పారేయడు. ఇళ్ళ నుంచి తెచ్చిన పాత బొగ్గంతా గోనెసంచుల్లో పోగేసి, షాపు మిద్దె మీద కడిగించి, ఎండబెట్టించి, కొత్త పాకెట్లలో పోసి, మెరిసే స్టిక్కరు అంటించి మళ్ళీ అమ్ముతాడు. ఏడాదిగా దేవేంద్రప్ప ఆ మిద్దె మీద గమేళాలతో నీళ్ళు పోసి కడిగాడు. అడిగితే, ‘ఎండకు మళ్ళీ పవరొస్తుందిలే’ అన్నాడు లోకేష్. నమ్మినట్టు ఊరుకున్నాడు. ఊరుకున్నందుకు ఇప్పుడు తనమీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వెనకాలే ఇంకోటి తట్టింది. మేడమ్ తొట్టిలో వేసింది కూడా ఆ మిద్దె మీది సరుకే అయి ఉంటుంది. ఎవరి తొట్టిలోదో కుళ్ళంతా తాగిన బొగ్గు. ఆ కుళ్ళే నీళ్ళలోకి కక్కి ఉంటుంది. దొరను చంపింది అదే.

ఆ మాట అనుకోగానే మూడు గంటల నుంచి గుండెల మీద ఉన్న బండ దిగినట్టయింది. చంపింది తను కాదు. చంపినవాడే తనచేత కాళ్ళు పట్టించాడు.

“మల్లేశ్వరీ, గాజు గ్లాసులు ఎన్ని ఉండాయి మన ఇంట్లో?” అన్నాడు.

*

మరునాడు ఆదోనికి పోయి సరస్వతమ్మ ఇంటి వెనక గేటు తట్టాడు. ఆమె బ్యాంకు పనిమీద వెళ్ళే వేళ చూసుకునే పోయాడు. పనిమనిషి హుసేనమ్మ తలుపు తీసి, చీపురు చేతిలో పట్టుకునే, “అయ్యో, నువ్వా దేవేంద్రన్నా” అంది. ఆమె కళ్ళలో జాలి చూస్తే అతనికి ఇంకా మండింది.

“నా స్పానరు మర్సిపోయినా. తీసుకొని పోతా.”

తొట్టి అలాగే ఉంది. నీళ్ళున్నాయి, చేప లేదు. మోటరు ఆపేసి ఉంది. హుసేనమ్మ పక్కనే నిలబడి నేల ఊడుస్తున్నట్టు నటిస్తూ కబుర్లు మొదలుపెట్టింది.

“దొరను పెరట్లో కరేపాకు సెట్టు కింద పూడ్సినామన్నా. అమ్మ రాత్రి అన్నం తినల్యా.”

“ఈ ఫిల్టరు సంచి ఎవురు మార్సినారు హుసేనమ్మా? నేనైతే నెల దినాలు మార్సల్యా.”

“లోకేషే. నువ్వు మందు ఏసేదానికి ముందు దినం, ఆదివారం వచ్చినాడు. నీల్లు పచ్చగైనాయని అమ్మ కూకలేస్తే ఆయప్పే సొంతంగా మార్సిపోయినాడు. అమ్మ పక్కన్నే నిలబడుకొని సూసింది.”

సొంతంగా! వాడి చేత్తో! ఇంతకంటే ఏం కావాలి? ఫిల్టరు మూత తీసి, స్పాంజి పక్కన పెట్టి, బొగ్గు ఉన్న వల సంచిని పైకి తీశాడు. దాన్ని నీళ్ళు కారేదాకా పిండి, కవర్లో చుట్టి, తన చేతిసంచిలో స్పానరు కింద దాచుకున్నాడు. దొంగతనం చేస్తున్నానని అతనికి ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

“హుసేనమ్మా, మేడమ్‌కు సెప్పబాకు. ఆదివారం ఆమెకే తెలుస్తాది.”

“నాకేం తెల్దన్నా. నువ్వు స్పానరు తీసుకొని పోతివి” అంది హుసేనమ్మ, చీపురు మళ్ళీ ఆడిస్తూ.

తిరిగి వచ్చేటప్పుడు తాగేనీళ్ళ మిషన్లు బాగుచేసే కొట్లో ఆగి ఒక పొట్లం కొత్త బొగ్గు కొన్నాడు. ఆ మిషన్లలోనూ అదే బొగ్గు వేస్తారు. లోకేష్ షాపు పాకెట్టు కొనడానికి మాత్రం బసప్పను పంపాడు. బసప్ప ఒకప్పుడు అతని పక్క కాగు దగ్గర రంగులు కలిపినవాడు. రంగుల పని మానేసి ఇప్పుడు బెడ్‌షీట్లు టోకుకు కొని ఊళ్ళు తిరుగుతున్నాడు. నోరు పెద్దది. అతనికి ఒక మాట చెబితే ఊరికి చెప్పినట్టే. ఆ లెక్క వేసుకునే దేవేంద్రప్ప చెప్పాడు.

శనివారం మధ్యాహ్నం మల్లేశ్వరి మగ్గం మీదికి దిగలేదు. అరుగు మీద రెండు గ్లాసులు పెట్టింది. దేవేంద్రప్ప ఒక్కో గ్లాసులో నీళ్ళు పోసి, నీలం మందు చుక్కలు వేసి కలిపాడు. ఒకదానిలో కొత్త బొగ్గు ఒక గుప్పెడు, ఇంకోదానిలో లోకేష్ పాకెట్టుది ఒక గుప్పెడు. ఇద్దరూ చెరొక చెంచా తీసుకుని తిప్పుతూ కూర్చున్నారు. లడి తిప్పినట్టే తిప్పారు, తొందర లేకుండా, అడుగునుంచి పైకి. పది నిమిషాలకు కొత్త బొగ్గు గ్లాసులో నీలం పలచబడింది. పావుగంటకు గ్లాసు వెనకనున్న మల్లేశ్వరి వేళ్ళు కనిపించాయి. లోకేష్ గ్లాసు మాత్రం ఎలా ఉన్నదో అలాగే ఉంది.

మల్లేశ్వరి రెండు చేతులూ కొట్టుకుని నవ్వింది. పెళ్ళైన కొత్తలో కూడా ఆమె అంత గట్టిగా నవ్వడం అతను చూడలేదు.

“ఆ సంచిలోది కూడా ఒకసారి ఏసి సూడరాదా?” అంది కవరు వైపు చూపించి.

“దాంట్లో సూసేదేముండాది? వాని సేతి సరుకే కదా. అది రేపు అందరి ముందర ఏస్తా. దొరను సంపింది ఇదే అని సెప్పి ఏస్తా.”

ఆ రాత్రి అతనికి హాయిగా నిద్రపట్టింది.

*

కొత్త షాపుకు రంగు కాగితాలు కట్టారు. లోపల వరసగా తొట్లు, నీళ్ళలో బుడగలు, ఎర్రచేపలు. బయట షామియానా, కుర్చీలు, ఒక బల్ల మీద కూల్‌డ్రింకులు. ఎమ్మిగనూరు జనానికి ఊరికే వచ్చే కూల్‌డ్రింకంటే చేదు కాదు. నేసేవాళ్ళు, బెడ్‌షీట్ల కొట్లవాళ్ళు, బస్సుకోసం వచ్చి ఆగినవాళ్ళు, అందరూ ఉన్నారు. ఆదోనిలో లోకేష్ దగ్గర తొట్లు కొన్న ఇళ్ళవాళ్ళు కూడా కార్లలో వచ్చారు. బసప్ప అప్పటికే నలుగురి చెవులు కొరికాడని వాళ్ళ చూపుల్లోనే తెలుస్తోంది.

సరస్వతమ్మ రిబ్బను కత్తిరించింది. చప్పట్లు కొట్టారు. లోకేష్ కొత్త పట్టు చొక్కాలో ఒంగి ఒంగి దండాలు పెడుతున్నాడు. అప్పుడు దేవేంద్రప్ప మల్లేశ్వరితో కలిసి షామియానా కిందికి వచ్చి, కూల్‌డ్రింకుల బల్ల మీద సీసాలు పక్కకు జరిపి, మూడు గాజు గ్లాసులు పెట్టాడు.

“ఈడెందుకొచ్చినావు?” అన్నాడు లోకేష్, నవ్వు చెరగకుండా పళ్ళ మధ్యనుంచి.

దేవేంద్రప్ప వాడివైపు చూడలేదు. “మేడమ్, ఒక పావుగంట. దొర ఎందుకు సచ్చిపోయినాదో సూపిస్తా. మీరు సూడాల.”

ఆమె అతన్ని చూసి తల దించుకుంది. గురువారం సంగతి ఆమెను కూడా నిద్రపోనివ్వలేదేమో. “చూపించప్పా” అంది.

“మేడమ్, వీనికి మతి…” అని లోకేష్ చెయ్యి వేయబోయాడు. బసప్ప అడ్డం వచ్చాడు. “పావుగంటే కదప్పా. నీకేం భయం?” అన్నాడు. వెనక నుంచి ఇంకో నలుగురు జరిగారు.

మూడు గ్లాసుల్లో నీళ్ళు, మూడింటిలో నీలం. జనం ముందుకు వంగారు. రంగుల పని తెలిసిన ఊరు, ఎవరికీ వివరం చెప్పనక్కర్లేదు. మొదటి గ్లాసులో నీళ్ళ మిషను కొట్లో కొన్న బొగ్గు వేశాడు. రెండో గ్లాసుకోసం కొత్త షాపు అరలోంచి ఒక పాకెట్టు తెప్పించి, సరస్వతమ్మ చేతనే చింపించాడు. మూడో గ్లాసు దగ్గరికి వచ్చి, కవరు విప్పి వల సంచి పైకెత్తి అందరికీ చూపించాడు.

“ఇది మేడమ్ ఇంట్ల సంచి. ఈ లోకేష్ సొంత సేత్తో ఏసింది. దొరను సంపింది ఇదే” అన్నాడు.

సంచిలోది గ్లాసులో కుమ్మరించాడు. మొదటి చెంచా తను, రెండోది బసప్ప, మూడోది మల్లేశ్వరి తిప్పారు. లోకేష్ ఫోను తీసి ఎవరికో చేస్తున్నట్టు చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల ఎవరూ లేరని వాడి మొహమే చెబుతోంది.

మొదటి గ్లాసు తెల్లబడింది. రెండోది నీలంగానే ఉంది, పైన నల్లటి దుమ్ము తేలుతూ. జనంలో గుసగుస లేచింది. బసప్ప ఆ రెండు గ్లాసులూ రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు.

“యాడాదిగా వాడు మీకు అమ్మినది ఇదేనప్పా!” అన్నాడు దేవేంద్రప్ప. అతని గొంతు బస్టాండు దాకా వినిపించింది. “మీ ఇండ్లల్లోనుంచి తెచ్చిన పాత బొగ్గే కడిగి, మల్లీ మీకే అమ్మినాడు. ఎవురు కడిగినారంటారా? నేనే. నా సేతుల్తోనే కడిగినా. ఆ మిద్దె మీద ఇంకా నాలుగు మూటలుండాయి. పోయి సూసుకోండి. లోకేష్ దొంగ!”

తరువాత జరిగింది అతను కోరుకున్నట్టే జరిగింది, కోరుకున్నదానికంటే ఎక్కువే జరిగింది. ఆదోని కార్లవాళ్ళు లోకేష్‌ను చుట్టుముట్టారు. ఒకాయన చొక్కా పట్టుకున్నాడు. ఇంకొకామె తన ఇంట్లో చచ్చిన గోల్డ్‌ఫిష్‌ల పేర్లు ఒక్కొక్కటే చెప్పి ఏడ్చింది. ఫోన్లు పైకి లేచాయి. లోకేష్ ఏదో అరుస్తున్నాడు గాని ఎవరికీ వినబడటం లేదు. వాడి మొహంలో నెత్తుటి చుక్క లేదు. దేవేంద్రప్ప ఆ మొహాన్ని తనివితీరా చూశాడు. గురువారం హాల్లో తన మొహం ఎలా ఉందో ఇప్పుడు వాడి మొహం అలా ఉంది. ఒంటి మంట చల్లారింది. ఇంత సంతోషం తన బతుకులో ఎన్నిసార్లు కలిగిందో వేళ్ళమీద చెప్పొచ్చు.

సంతోషంలోనే మూడో గ్లాసు వైపు తిరిగాడు. అది కూడా పైకెత్తి చూపిస్తే ఇక తిరుగుండదు.

మూడో గ్లాసు తెల్లగా ఉంది.

మల్లేశ్వరి చెంచా ఆపి గ్లాసునే చూస్తోంది. దేవేంద్రప్ప ఆమె చేతిలోంచి చెంచా లాక్కుని తిప్పాడు. గ్లాసులు తారుమారయ్యాయేమో అనుకున్నాడు. కాలేదు. వల సంచి పక్కనే తడిగా పడి ఉంది. జేబులోంచి నీలం సీసా తీసి అయిదు చుక్కలు వేశాడు. గ్లాసు మళ్ళీ నెమలి కంఠం రంగు తిరిగింది. తిప్పాడు. వెనక కేకలు, తోపులాట. రంగు పలచబడింది, ఇంకా పలచబడింది, పోయింది. ఇంకో అయిదు వేశాడు. నింపాదిగా అదీ పోయింది.

లోకేష్ ఆమెను మోసం చెయ్యలేదు. పక్కన నిలబడి చూసే హెడ్‌మిస్ట్రెస్‌కు భయపడ్డాడో, రిబ్బను కత్తిరించే మనిషని మర్యాద చేశాడో, ఆమె తొట్టిలో ఒక్కదానిలోనే అసలు సిసలు కొత్త బొగ్గు వేశాడు. సోమవారం వేసిన మందును, మంగళవారం మందును, బుధవారం మందును ఈ బొగ్గు పొద్దుటికల్లా తాగి కూర్చుంది. చేపకు చేరింది ఏమీ లేదు. షాపులో దేవేంద్రప్ప ఎప్పుడు మందు వేసినా ఉత్త టబ్బులోనే వేసేవాడు, అక్కడ ఫిల్టరే ఉండదు. అందుకే మందు వేసేటప్పుడు బొగ్గు తీసేయాలన్న ఆలోచనే రాలేదు. తేట నీళ్ళు చూసి మురిసిపోయాడు. నూలు తాగిందనుకున్నాడు. ఆ లోకేష్ గాడు అందరినీ మోసం చేసినట్టే ఆమెనూ మోసం చేసి, చచ్చిన బొగ్గే వేసి ఉంటే, దొర ఈపాటికి ఆమె చేతిలోంచి మేత తింటూ ఉండేది.

“దేవేంద్రప్పా.”

సరస్వతమ్మ పక్కకు వచ్చి నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఆ రోజు వాడు నిన్ను కాళ్ళు పట్టుకోమంటే నేను గమ్మున కూర్చున్యా. ముప్పై ఐదేళ్ళు పిల్లలకు న్యాయం చెప్పినదాన్ని. ఒక్క మాట అనలేకపోతి. నన్ను క్షమించప్పా” అని రెండు చేతులూ జోడించింది. అప్పుడే ఆమె చూపు గ్లాసు మీద పడింది. “ఇది మా ఇంటిదే కదా? తెల్లగైంది ఏందిది?”

“అది కూడా కొంచెం కొంచెం పీలుస్తాదిలేమ్మా” అంది మల్లేశ్వరి గబుక్కున. “నిన్న కడిగినాము కదా, దానికి.” అంటూనే మొగుడి చెయ్యి బల్ల కింద గట్టిగా పట్టుకుంది. ఆమె గోళ్ళు దిగాయి. ఆమె కూడా రంగుల ఇంటి మనిషే. గ్లాసు చెప్పింది ఆమెకూ అర్థమైంది. అయినా వదలదలచుకోలేదు.

దేవేంద్రప్ప చెంచా బల్ల మీద పెట్టాడు. ఆ మాటకు తల ఊపితే చాలు. ఎవరూ అడగరు. ఎవరికీ తెలియదు. ఆమె జోడించిన చేతులు అలాగే ఉన్నాయి.

“కాదు మేడమ్” అన్నాడు. “ఇది మంచి బొగ్గు. మందు సేప తాగల్యా. ఇది తాగింది. మందు ఏసేటప్పుడు దీన్ని తీసెయ్యాల. నాకు తెల్దు. దొర నా సేతిలోనే పోయింది.”

ఆమె చేతులు విడిపోయాయి.

“మూడు దినాలూ పొద్దున్నే వచ్చి, ‘మందు బాగా తాగుతాండాది మేడమ్’ అని నవ్వుతా చెప్పినావు నాకు.”

“నిజమనే సెప్పినా మేడమ్.”

“నిజమనే చెప్పినావు. నాకు తెలుసు” అంది ఆమె. తరువాత జనం గుంపువైపు చూసింది. “వానికి కూడా చెప్పు.”

కాళ్ళు పట్టుకోవడం దీనికంటే సులువు. దేవేంద్రప్ప మల్లేశ్వరి చెయ్యి విడిపించుకుని గుంపులోకి దూరాడు. భుజాలు తోసుకుంటూ లోకేష్ కనిపించేదాకా పోయాడు. పట్టు చొక్కా గుండీలు తెగి ఉన్నాయి. దగ్గరికి వస్తే తెలిసింది, వాడు ఇంతసేపూ ఏం అరుస్తున్నాడో. “మేడమ్‌కు మంచిదే ఏసినాను, దేవుని తోడు, మేడమ్‌కు మాత్రం కొత్తదే ఏసినాను” అంటున్నాడు. పక్కనున్నవాళ్ళు ఆ మాటకు నవ్వుతున్నారు.

“అప్పా, ఒక్క మాట ఇనండి!” అన్నాడు దేవేంద్రప్ప. “వాడు సెప్పేది నిజమే. మేడమ్ ఇంట్ల ఏసింది మంచి బొగ్గే. ఆ సేపను వాడు సంపల్యా. నేను సంపినా!”

బసప్ప అతని భుజం మీద చెయ్యి వేశాడు. “ఊరుకోప్పా. ఇప్పుడు జాలిపడితే ఈ నాకొడుకు మల్లీ నెత్తికెక్కుతాడు.”

“జాలి కాదు బసప్పా. నేనే…”

“పెద్దాయన మంచితనం చూడండి, కాళ్ళు పట్టించినోన్ని ఎనకేసుకొస్తాండాడు” అన్నారు ఎవరో. గుంపు అవునంది. గుంపుకు కావలసిన దొంగ దొరికాడు. ఇంకొకణ్ణి తీసుకునే తీరిక ఎవరికీ లేదు. లోకేష్ ఒక్కడే దేవేంద్రప్పవైపు తిరిగి చూశాడు. అంతలో ఎవరో పాకెట్టు చింపి వాడి నెత్తిన కుమ్మరించారు. నల్లటి నలుసులు చొక్కాలోకి జారిపోయాయి.

“నేను సంపినా!” అని దేవేంద్రప్ప మళ్ళీ అరిచాడు. ‘లోకేష్ దొంగ’ అన్నప్పటికంటే గట్టిగా అరిచాడు. గొంతు జీరపోయింది. ఇంకా ముందుకు పోయి, లోకేష్‌కూ గుంపుకూ మధ్య నిలబడి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

ఫోను పైకెత్తి పట్టుకున్న ఒక మనిషి చికాకుగా చెయ్యి ఊపాడు.

“కొంచెం పక్కకు జరుగన్నా. వీడియోకు అడ్డమొస్తాండావు.”